ఫుజి కొండ పాదాల దగ్గర పూల అమ్మవారు: సకురా వేళ ఒక దర్శనం



పోయిన వారం పెట్టిన జపాన్ వీడియో చూశాక చాలామంది రెండే ప్రశ్నలు అడిగారు. ఒకటి, "అక్కా, ఆ గుళ్ళో ఉన్నది మన అమ్మవారేనా?" రెండోది, "మీ అమ్మగారు లోపలికి ఎందుకు రాలేదు?" పన్నెండు నిమిషాల వీడియోలో ఈ రెండింటికీ సరిగ్గా జవాబు చెప్పే చోటు లేకపోయింది. నిజం చెప్పాలంటే రెండో దానికి కెమెరా ముందు జవాబు చెప్పడం నాకు ఇష్టం కూడా లేదు. రాయడమైతే కొంచెం తేలిక. అందుకే ఇది.

మా నాన్నగారు పోయి ఎనిమిది నెలలైంది. రాజమండ్రిలో అమ్మ ఒక్కతే ఉంటోందని అన్నయ్య పట్టుబట్టి టోక్యో తీసుకెళ్ళాడు. మార్చి నెలాఖరులో నేనూ వెళ్ళాను. ఇంట్లో అందరికీ ఒకటే ఆలోచన, పూలు పూసే రోజులు కదా, నాలుగు చోట్ల తిప్పితే అమ్మ మనసు కాస్త తేరుకుంటుందేమో అని. అన్నయ్య సరదాగా "హనామికి వెళ్దాం" అన్నాడు. హనామి అంటే పువ్వుల్ని చూడ్డం. అంతే, అర్థంలో ఇంకేమీ లేదు. చెట్టు కింద చాప పరుచుకుని, తెచ్చుకున్నది తిని, పైకి చూస్తూ కూర్చుంటారు. మన వనభోజనాలకి దగ్గరగా ఉంటుంది, కాకపోతే మనకి ఉసిరిచెట్టు, కార్తీకం. వాళ్ళకి సకురా, చైత్రం.

నేను మాత్రం పార్కుకి కాదు, గుడికి వెళ్దామన్నాను. వీడియో కోసం అనుకున్నారు అన్నయ్యా వదినా. కొంత అదీ ఉంది, దాచను. కానీ ఆ గుడిలో కొలువున్న దేవత పేరే పువ్వు అని ఎక్కడో చదివినప్పటి నుంచీ నాకు అక్కడికి వెళ్ళాలని ఉండేది.

ఊరి పేరు ఫుజినోమియా. ఫుజి కొండకి నైరుతి దిక్కున, షిజుఒకా ప్రాంతంలో ఉంటుంది. గుడి పేరు ఫుజిసాన్ హొంగూ సెంగెన్ తైషా. దేశంలో సుమారు 1300 సెంగెన్ గుళ్ళు ఉంటే, వాటన్నిటికీ ఇది మూలస్థానం. టోక్యో నుంచి తోకాయిదో లైన్‌లో ఫుజి స్టేషన్ దాకా వెళ్ళి, అక్కడ మినోబు లైన్ రైలు మారాలి. ఫుజినోమియా స్టేషన్‌లో దిగితే గుడికి పది నిమిషాల నడక. అన్నయ్యకి ఆఫీసు ఉంది కాబట్టి ఆ రోజు అమ్మా నేనూ ఇద్దరమే వెళ్ళాం. పొద్దున రైల్లోంచి ఫుజి కొండ తెల్లగా, మంచు కప్పుకుని నిండుగా కనిపించింది. ఊళ్ళో దిగేసరికి మబ్బు కమ్మేసింది. వీడియోలో కొండ కనిపించడం లేదని అడిగినవాళ్ళకి ఇదీ సంగతి.

ముందు మొదటి ప్రశ్న తీసుకుంటాను.

కాదు, ఆవిడ మన అమ్మవారు కాదు. జపాన్‌లో మన దేవతలు ఉన్నారు, అది నిజమే. టోక్యో ఉయెనో పార్కులో షినోబజు చెరువు మధ్య ఉన్న గుడిలోని బెంజైతెన్ అంటే సరస్వతీదేవి. కిచిజోతెన్ లక్ష్మీదేవి, తైషకుతెన్ ఇంద్రుడు, బిషమోన్‌తెన్ కుబేరుడు. వీళ్ళంతా బౌద్ధంతో పాటు చైనా మీదుగా ప్రయాణం చేసి అక్కడికి చేరారు. కానీ సెంగెన్ గుడిలో ఉన్న తల్లి ఆ నేల మీదే పుట్టిన దేవత. షింతో సంప్రదాయపు దేవత. పక్కవాళ్ళ ఇంట్లో ఏదైనా అందంగా కనిపించగానే "ఇదీ మనదే" అనేయడం మనకి ఈ మధ్య బాగా అలవాటైంది. దణ్ణం పెట్టుకోవడానికి ఆవిడ మన బంధువై ఉండాలా? నాకైతే అక్కర్లేదనిపిస్తుంది.

ఆవిడ పేరు కొనోహనా సకుయా హిమే. "కో" అంటే చెట్టు, "హనా" అంటే పువ్వు, "సకుయా"లో వికసించడం ఉంది, "హిమే" అంటే రాకుమారి. చెట్టుకి పువ్వు విచ్చుకున్నట్టుండే అమ్మాయి అన్నమాట. అది సకురా పువ్వే అని ఆ పేరులో ఎక్కడా లేదు. కానీ తరతరాలుగా జనం ఆ పువ్వు సకురానే అని నమ్ముతున్నారు, గుడికి కూడా ఆ చెట్టే పవిత్రం. ప్రాంగణంలో దాదాపు 500 సకురా చెట్లు ఉన్నాయి.

ఆవిడ కథ కొజికిలో ఉంది. కొజికి క్రీ.శ. 712లో గ్రంథస్థమైన పుస్తకం. జపాన్‌లో ఇప్పుడు దొరుకుతున్న పురాణ గ్రంథాల్లో అదే పాతది. కథ నా మాటల్లో చెప్తాను.

సూర్యదేవత అమతెరసు మనవడు నినిగి భూమిని ఏలడానికి దిగివస్తాడు. సముద్రం ఒడ్డున ఒక అందమైన అమ్మాయి కనిపిస్తుంది. పెళ్ళి చేసుకుంటానంటాడు. మా నాన్నని అడగండి అంటుంది. ఆ తండ్రి ఓయమాత్సుమి, కొండల దేవుడు. ఆయన సంతోషపడి ఒక కూతుర్ని కాదు, ఇద్దరినీ పంపిస్తాడు, బోలెడన్ని కానుకలతో. పెద్దమ్మాయి పేరు ఇవానాగా హిమే. "ఇవా" అంటే రాయి. బండరాయిలా చిరకాలం ఉండేది అని అర్థం. ఆవిడ చూడ్డానికి బాగుండదు. నినిగి పెద్దావిడని పుట్టింటికి తిప్పి పంపేసి, చిన్నావిడని మాత్రం ఉంచుకుంటాడు.

తండ్రికి కోపం కంటే సిగ్గూ బాధా ఎక్కువ. కబురు పంపిస్తాడు. నేను ఇద్దరినీ ఊరికే పంపలేదు, రాయిలాంటి పిల్ల నీ దగ్గర ఉంటే నీ వంశం గాలికీ మంచుకీ చెక్కుచెదరకుండా రాయిలా ఉండేది, పువ్వులాంటి పిల్ల ఉంటే పువ్వులా కళకళలాడేది, నువ్వు పువ్వుని మాత్రమే ఎంచుకున్నావు, ఇక నీ వాళ్ళ ఆయుష్షు పువ్వు ఉన్నంతసేపే అని. ఆ వంశంలో పుట్టిన చక్రవర్తుల ఆయుష్షు అందుకే కొద్దిపాటిదైందని కొజికి అంటుంది. మనుషులందరి సంగతీ ఇంతే అని తర్వాతివాళ్ళు చెప్పుకున్నారు.

మన పురాణాల్లో చావు ఎలా వచ్చిందో చెప్పే కథలు ఉన్నాయి, శాపాలూ వరాలూ ఉన్నాయి. కానీ ఒక పెళ్ళిచూపుల్లో జరిగిన తప్పు వల్ల ఆయుష్షు తగ్గిందనే కథ నేను వినలేదు. పెద్దావిడ మీద నాకు జాలేసింది. ఆవిడకీ గుడి ఉంది, ఇజు ద్వీపకల్పంలో, కుమొమి అనే ఊరి దగ్గర. అక్కడ నిలబడి ఫుజి కొండ ఎంత బాగుందో అనకూడదని స్థానికుల మాట. ఎందుకంటే ఫుజి చెల్లెలిది. అక్కగారికి కోపం వస్తుంది!

కథ అక్కడితో అయిపోలేదు. కొనోహనా సకుయా హిమే ఒక్క రాత్రికే గర్భవతి అవుతుంది. నినిగి అనుమానపడతాడు, ఒక్క రాత్రికా, వీళ్ళు నా పిల్లలేనా, ఇక్కడి దేవుడెవరి పిల్లలో అయ్యుంటారు అని. అప్పుడావిడ తలుపుల్లేని ఒక పెద్ద ఇల్లు కట్టించి, లోపలికి వెళ్ళి, సందులన్నీ మట్టితో మూసేసుకుంటుంది. పురిటి సమయానికి ఇంటికి తనే నిప్పు పెట్టుకుంటుంది. నీ పిల్లలు కాకపోతే క్షేమంగా పుట్టరు, నీ పిల్లలైతే ఏమీ కాదు అని. మంటల మధ్య ముగ్గురు కొడుకులు పుడతారు. మూడోవాడి మనవడే జపాన్ తొలి చక్రవర్తి జిమ్ము అని వాళ్ళ పురాణం.

సీతమ్మ గుర్తొచ్చిందా? నాకూ అంతే. రెండు చోట్లా భర్తే అడిగాడు, రెండు చోట్లా ఆవిడే నిప్పులోకి వెళ్ళింది. ఈ కథలు విన్నప్పుడల్లా నాకు గర్వం కంటే ఇబ్బందే ఎక్కువ కలుగుతుంది, ఆ ఇబ్బందిని దాటవేయడం నాకు చేతకాదు. ఒకటి మాత్రం చెప్పగలను. అక్కడి ఆడవాళ్ళు ఈ తల్లిని అనుమానం పోగొట్టుకున్న ఇల్లాలిగా కంటే, మంటలో కూడా పిల్లల్ని క్షేమంగా కన్న తల్లిగా తలుచుకుంటారు. సుఖప్రసవం కోసం మొక్కుకుంటారు. అగ్నిప్రమాదాలు జరగకుండా చూడమని మొక్కుకుంటారు. అన్నిటికంటే ముందు, ఫుజి కొండ శాంతంగా ఉండాలని. ఎందుకంటే ఫుజి అగ్నిపర్వతం. ఆఖరిసారి 1707లో బద్దలైంది. పువ్వు పేరున్న అమ్మాయిని నిప్పు కొండ మీద కూర్చోబెట్టారు, ఆవిడే దాన్ని చల్లబరుస్తుందని నమ్మి.

గుడి చరిత్ర క్లుప్తంగా. కొండ మండుతూ జనం పారిపోతుంటే, శాంతించమని సుయినిన్ చక్రవర్తి కాలంలో ఇక్కడి దేవతని ప్రతిష్ఠించారని స్థలపురాణం. ఇప్పుడున్న చోటికి 806లో మార్చారు. ఇప్పుడు కనిపించే ఎర్రటి రెండంతస్తుల ప్రధానాలయం తొకుగవా ఇయెయాసు 1604లో కట్టించినది. ఫుజి శిఖరం మీద కూడా ఈ గుడికి చెందిన పై గుడి ఉంది, కొండ ఎనిమిదో మజిలీ నుంచి పైభాగమంతా గుడి ఆవరణగానే లెక్క. 2013లో యునెస్కో ఫుజిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ గుడి కూడా అందులో భాగమైంది. మొత్తం కొండే దేవతా స్వరూపం అన్నమాట మనకి కొత్తగా ఉండదు కదా, అరుణాచలం వెళ్ళొచ్చినవాళ్ళకి అసలే.

ఇప్పుడు అమ్మ సంగతి.

తోరీ అంటే గుడి ముందు ఉండే ద్వారం, రెండు నిలువు స్తంభాలు, పైన రెండు అడ్డ దూలాలు. అది దాటితే దేవుడి స్థలం. నేను తలవంచి దణ్ణం పెట్టుకుని లోపలికి అడుగు వేశాను. వెనక్కి చూస్తే అమ్మ రోడ్డు వారనే ఆగిపోయింది.

"నువ్వెళ్ళి రా. నేనిక్కడ ఉంటాను."

"అదేంటమ్మా, ఇంత దూరం వచ్చి?"

"ఏడాది తిరగలేదు కదే."

నాకు ఆ క్షణం దాకా ఆ విషయం తట్టనేలేదు. మీలో చిన్నవాళ్ళకి తెలియకపోవచ్చు, అందుకని చెప్తున్నాను. ఇంట్లో మనిషి పోయాక సంవత్సరీకం అయ్యేదాకా గుళ్ళకి, ముఖ్యంగా కొండ మీది గుళ్ళకి వెళ్ళకూడదని చాలా ఇళ్ళలో ఆచారం. ఏటిసూతకం అంటారు. అన్ని ఇళ్ళలో ఒకేలా ఉండదు, రోజూ వెళ్ళే గుడికి పర్వాలేదనేవాళ్ళూ ఉన్నారు. మా ఇంట్లో అమ్మకీ అన్నయ్యకీ ఉంది. నేను పెళ్ళై ఇంకో ఇంటిపేరుకి వెళ్ళినదాన్ని కాబట్టి నాకు మూడు రోజులతో సరి. నాన్న నాకూ నాన్నే, లెక్క మాత్రం మూడు రోజులే. దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

విచిత్రం ఏమిటంటే ఈ పట్టింపు అక్కడా ఉంది. అన్నయ్య ఆఫీసులో పనిచేసే ఒకావిడ ముందే చెప్పారట. షింతోలో చావు మైల చాలా గట్టిగా పాటిస్తారు. దగ్గరివాళ్ళు పోతే 50 రోజుల దాకా తోరీ కింద నుంచి వెళ్ళకూడదు. ఆ తర్వాత శుద్ధి చేసుకుని మామూలుగా గుడికి వెళ్ళొచ్చు. నేను లాయర్‌లాగా ఆ పాయింట్ పట్టుకున్నాను. "అమ్మా, ఇది వాళ్ళ గుడి. వాళ్ళ లెక్క ప్రకారం 50 రోజులే. నీకు 240 రోజులైంది. రావచ్చు."

అమ్మ నవ్వింది. "వాళ్ళ లెక్క వాళ్ళది. నేను నా లెక్కలో ఉన్నాను. ఆ తల్లికి కోపమొస్తుందని కాదే, మీ నాన్నగారికి ఒక ఏడాది ఇచ్చాను, అంతే."

ఇంకేం మాట్లాడను. గుడికి పక్కగా ఒక చిన్న నది పారుతుంది, కందా నది. దాని ఒడ్డున బయటి నుంచే వెళ్ళి కూర్చునేలా మెట్లూ ఖాళీ స్థలమూ ఉన్నాయి, సకురా చెట్లు నీళ్ళ మీదికి వంగి ఉన్నాయి. అమ్మని అక్కడ కూర్చోబెట్టి, ఫ్లాస్కూ, పులిహోర డబ్బా ఇచ్చి నేను లోపలికి వెళ్ళాను.

వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం పద్ధతి చెప్తాను. తోరీ దగ్గర తలవంచాలి. దారి మధ్యలో నడవరు, అది దేవుడు నడిచే దారి అని పక్కకి జరిగి నడుస్తారు. తెమిజుయా అనే నీళ్ళ తొట్టి దగ్గర గరిటెతో నీళ్ళు తీసుకుని ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి కడుక్కోవాలి. ఎడమ అరచేతిలో నీళ్ళు పోసుకుని నోరు పుక్కిలించాలి. గరిటె నోటికి తాకించకూడదు. ఎంగిలి పట్టింపు వాళ్ళకీ ఉందన్నమాట. చివరికి గరిటెని నిలువుగా ఎత్తితే మిగిలిన నీళ్ళు కాడ మీదుగా జారి దాన్ని కడిగేస్తాయి. ఎవరు ఆలోచించారో గానీ, తర్వాత వచ్చేవాళ్ళ కోసం అది. మందిరం ముందు పెట్టెలో నాణెం వేయాలి. ఐదు యెన్ల నాణెం వేయడం ఎక్కువ, దాన్ని పలికే తీరు "అనుబంధం" అనే మాటలా వినిపిస్తుందని. రెండుసార్లు బాగా వంగి దణ్ణం, రెండు చప్పట్లు, మనసులో మొక్కు, మళ్ళీ ఒకసారి వంగడం. అంతే. చెప్పులు విప్పే పని లేదు, బయటి నుంచే మొక్కుతారు. మూర్తి కనిపించదు. హారతీ ఉండదు, తీర్థమూ ఉండదు. మొదటిసారి వెళ్ళినవాళ్ళకి "దర్శనం అయిందా, లేదా?" అనే అనుమానం తప్పకుండా వస్తుంది. నాకొచ్చింది. తల తిప్పి చూస్తే చుట్టూ పూలు. అందరూ మొక్కడం అయిపోగానే చెట్ల వైపే తిరిగి నిలబడుతున్నారు.

అక్కడే నేనొక తప్పు చేశాను. వీడియోలో అది తీసేశాను కానీ ఇక్కడ చెప్పాలి. థంబ్‌నెయిల్ కోసం మొహం పక్కన పూలు ఉంటే బాగుంటుందని ఒక కొమ్మని కిందికి లాగి పట్టుకున్నాను. గట్టిగా కూడా కాదు. ఒక ముసలాయన, తోటమాలో భక్తుడో తెలియదు, గబగబా వచ్చి తల వంచి దణ్ణం పెట్టి, నా చేతిని తాకకుండా రెండు చేతులతో ఆ కొమ్మని మెల్లగా అందుకుని పైకి వదిలారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. చెర్రీ చెట్టుకి కొమ్మ విరిగితే ఆ గాయం దగ్గర కుళ్ళు పట్టి చెట్టు పాడైపోతుందని తర్వాత వదిన చెప్పింది. సకురాని కత్తిరించేవాడూ, ఉమె అనే ఇంకో పూలచెట్టుని కత్తిరించనివాడూ ఇద్దరూ తెలివితక్కువవాళ్ళే అని అక్కడ ఒక సామెత కూడా ఉందట.

మనకి పువ్వు అంటే కోసేదే. తెల్లారకముందే సజ్జ పట్టుకుని గోడ మీదినుంచి పక్కింటి మందారాలు కోసుకొచ్చే ఊళ్ళో పెరిగినదాన్ని నేను. పువ్వు దేవుడి దగ్గరికి రావాలి, అదే దాని సార్థకత అని నేర్చుకున్నాం. గీతలో కృష్ణుడు ఆకైనా, పువ్వైనా, పండైనా, నీళ్ళైనా చాలన్నాడు కాబట్టి మనం తెచ్చి ఇస్తాం. తిరుమలలో పుష్పయాగం రోజున బుట్టలకి బుట్టలు. అందులో తప్పేమీ లేదు, నాకు ప్రాణం అది. కానీ ఇక్కడ పువ్వు ఎక్కడికీ రాదు. మనుషులే లేచి, రైలెక్కి, పువ్వు ఉన్నచోటికి వెళ్ళి తల వంచుతున్నారు. పువ్వే అమ్మవారైతే ఇంక ఎక్కడికి తెచ్చి ఇస్తారు? ఆ మాటకొస్తే తెలంగాణలో బతుకమ్మ అంతే కదా. పూలని అమ్మవారికి పెట్టరు, పూలనే అమ్మవారు చేసి చుట్టూ ఆడతారు.

ఈ పువ్వు గురించి కొంచెం. మీరు ఫోటోల్లో చూసే తెలుపూ గులాబీ కలిసిన సకురాల్లో ఎక్కువ భాగం సోమెయి యొషినో అనే రకం. ఎడో, అంటే పాత టోక్యో, అంచున సోమెయి అనే ఊరిలోని తోటమాలులు దాన్ని అంటుకట్టి అమ్మేవారు. ఈ రకం గింజ నాటితే అదే చెట్టు రాదు. అంటు కట్టాల్సిందే. అంటే దేశమంతా ఉన్న లక్షల చెట్లు నిజానికి ఒకే చెట్టు. అందుకే ఒక ఊళ్ళో అన్నీ ఒకేసారి పూస్తాయి, ఒకేసారి రాలతాయి. ఆకులు రాకముందే పూలొస్తాయి కాబట్టి చెట్టంతా పువ్వే. వాతావరణ శాఖ కొన్ని ఊళ్ళలో ఒక్కో నమూనా చెట్టుని పెట్టుకుంటుంది, దాని మీద ఐదారు పూలు విచ్చుకుంటే పూత మొదలైందని ప్రకటిస్తారు. ఎనభై శాతం విచ్చుకుంటే నిండు పూత. ఆ తర్వాత వారం. మధ్యలో వానో గాలో వస్తే అదీ లేదు.

మేము వెళ్ళింది ఆ వారం దాటాక. తేదీ చూసుకోలేదు, రైలు టికెట్లూ అన్నయ్య సెలవులూ చూసుకున్నాం. నేను చాలా నిరాశపడ్డాను. గాలి వీచినప్పుడల్లా రేకులు వానలా రాలుతున్నాయి, వాళ్ళు దాన్ని పూల మంచుతుపాను అంటారు. నేల మీదా, నా జుట్టులోనూ, తెమిజుయా తొట్టిలోనూ అవే. చెట్ల మీద అప్పటికే చిగురు కనిపిస్తోంది. "ఐదు రోజుల ముందు రావాల్సింది" అని నేను గొణుక్కుంటున్నాను. మిగతావాళ్ళు మాత్రం రాలేవాటిని చూడ్డానికే వచ్చినట్టు మొహాలెత్తి నిలబడ్డారు.

ప్రాంగణంలోనే ఒక పక్క వకుతమా అనే కొలను ఉంది. ఫుజి మీద కురిసిన మంచూ వానా కొండ లోపలికి ఇంకి, లావా పొరల గుండా జారి, ఇక్కడ ఊటగా పైకి వస్తాయి. ఏడాది పొడుగునా దాదాపు 13 డిగ్రీల చల్లదనమే. పాత రోజుల్లో ఫుజి ఎక్కే యాత్రికులు ఈ నీళ్ళలో స్నానం చేసి శుద్ధి అయ్యాకే కొండకి బయలుదేరేవాళ్ళు. అడుగున నాచు ఒక్కొక్క పోగూ కనిపించేంత తేటగా ఉంది. ఆ కొలను నీళ్ళే బయటికి పారి కందా నది అవుతాయి. అంటే అమ్మ కూర్చున్న మెట్ల ముందు నుంచి పారేది లోపలి నీళ్ళే. ఈ సంగతి నాకు కొలను గట్టు మీద నిలబడి నీళ్ళు ఎటు పోతున్నాయా అని చూస్తేగానీ వెలగలేదు. రేకులు గుంపులు గుంపులుగా తెప్పల్లా కట్టుకుని అటే పోతున్నాయి.

నేను తిరిగి వెళ్ళేసరికి అమ్మ పులిహోర ముట్టలేదు. చెప్పులు పక్కన విప్పి పెట్టుకుని కూర్చుంది. ఒళ్ళో, శాలువా మీద, భుజాల మీద రేకులు. దులుపుకోలేదు.

"అయ్యో అమ్మా, అంతా రాలిపోయాయి. మంచి రోజుల్లో రాలేకపోయాం" అన్నాను.

"రాలితే ఏం? పారిజాతాలు కావూ ఇవి?" అంది.

ఒక్క నిమిషం నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. కిందపడ్డ పువ్వు పూజకి పనికిరాదని మనకి నియమం. ఒక్క పారిజాతానికి మాత్రం ఆ నియమం వర్తించదు. దాన్ని కొయ్యకూడదు. రాత్రి పూసి, తెల్లారేసరికి తనంతట తనే రాలుతుంది, రాలినదాన్నే ఏరుకుని దేవుడికి పెట్టాలి. మా పెరట్లో పారిజాతం చెట్టు ఉంది. నాన్న రాత్రి పడుకోబోయే ముందు దాని కింద తన పాత పంచె పరిచేవారు, మట్టి అంటకుండా. పొద్దున నాలుగు మూలలూ ఎత్తి మూటలా పట్టుకొచ్చి పూజగది గుమ్మం దగ్గర పెట్టేవారు. ఆయన పూజ చేసేవారు కాదు, అది అమ్మ పని. ఆయన పని పంచె పరవడం. ముప్ఫై ఏళ్ళు.

ఇద్దరం అలాగే కూర్చున్నాం. అమ్మ ఏడ్చింది కాసేపు. ఎనిమిది నెలల్లో నా ఎదురుగా ఏడవడం అదే మొదటిసారి. పక్కన హనామి చేసుకుంటున్న ఒక కుటుంబం చూసీ చూడనట్టు తల తిప్పుకుని, కొంచెంసేపయ్యాక వాళ్ళ చిన్నపిల్లతో మాకు రెండు గులాబీరంగు మోచీలు పంపించారు. ఉప్పులో ఊరబెట్టిన సకురా ఆకు చుట్టి ఉంటుంది, లోపల తీపి ముద్ద. అమ్మ ఆ పిల్లకి పులిహోర పెట్టింది. కారం తగిలి ఆ పిల్ల మొహం ఎలా పెట్టిందో చెప్పలేను, అమ్మ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది.

చాలామంది అడిగారు, అమ్మగారు మొక్కుకున్నారా అని. నాకు తెలియదు, అడగలేదు. లేచే ముందు శాలువాని నాలుగు మూలలూ పట్టుకుని ఎత్తి, అందులో ఉన్న రేకులన్నీ నీళ్ళలోకి వదిలింది. నేను ఫోన్ తీయలేదు. అందుకే అది వీడియోలో లేదు.

నాన్న సంవత్సరీకం శ్రావణంలో. పారిజాతం పూత కూడా సుమారుగా అప్పుడే మొదలవుతుంది. తిరుగు రైల్లో అమ్మ నా ఫోన్ తీసుకుని రాజమండ్రిలో పక్కింటి పిన్నిగారికి వీడియో కాల్ చేసింది. అక్కడ అప్పటికే ఎండలు మొదలయ్యాయి. కుశల ప్రశ్నలేమీ లేవు, ఫోన్ ఎత్తగానే, "పెరట్లో చెట్టుకి నీళ్ళు పోస్తున్నావా లేదా, ఏదీ, ఒకసారి చూపించు" అంది.